అదనపు గంటలో ఏం చెబుతున్నాం?

(తెలంగాణలో ఒక జిల్లాస్థాయి ఉపాధ్యాయుల సమావేశంలో ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న హెచ్ఎంలకు, ఎప్పటిలాగే వెనక బెంచీలు వెతుక్కున్న మా లెక్కల సార్లకు నమస్కారం. ముందుకు రండి సార్, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రోజూ పిల్లల్ని మనం అనే మాటే కదా ఇది.

నాకు ఇచ్చిన అంశం చదువులో వెనకబడ్డ పిల్లలకు అదనపు తరగతులు. మనకు కొత్తదేం కాదు. ఏటా పదో తరగతికి స్పెషల్ క్లాసులు పెట్టాలని ఉత్తర్వు వస్తుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. సబ్జెక్టువారీగా టైంటేబుల్ వేస్తాం, గోడకు అంటిస్తాం, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. ఇప్పుడొక ప్రశ్న అడుగుతాను. ఎవరూ చెయ్యి ఎత్తనక్కర్లేదు, మనసులోనే జవాబు చెప్పుకోండి. నిన్న సాయంత్రం స్పెషల్ క్లాసులో ఏం చెప్పారు?

పొద్దున చెప్పిన పాఠమే మళ్లీ చెప్పాం. అవునా, కాదా? అదే పాఠం, అదే బోర్డు, అదే సారు, అదే స్పీడు. పొద్దున పదకొండింటికి అర్థం కాని పాఠం సాయంత్రం ఐదింటికి, ఆకలి మీద ఎలా అర్థమవుతుందండీ? మొలకే రాని చేనుకు ఇంకో తడి పెట్టినట్టుంటుంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇంతే. పిల్లవాడి చదువు ఎక్కడ ఆగిపోయిందో అదనపు గంట అక్కడే మొదలవ్వాలి. పుస్తకం ఎక్కడికి వచ్చిందో అక్కడ మొదలైతే దండగ. ఇక మీదట చెప్పేదంతా దీనికి వివరణే.

ముందు చట్టం సంగతి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల సంగతి అందరికీ గుర్తుంటుంది. సెక్షన్ 24 ఎంతమంది చదివారు? టీచరు విధులు అందులోనే ఉన్నాయి. టైముకు బడికి రావాలి, సిలబస్ పూర్తి చేయాలి. ఆ వరుసలోనే ఇంకో మాట ఉంది. ప్రతి పిల్లవాడి నేర్చుకునే సామర్థ్యం ఎంతో అంచనా వేసి, దాన్నిబట్టి అవసరమైతే అదనపు బోధన చేయాలి. వరుస చూడండి. ముందు అంచనా, తర్వాత బోధన. మనం మొదటి సగం వదిలేసి రెండో సగం మాత్రం చేస్తున్నాం. పక్కనే సెక్షన్ 28 కూడా ఉంది, ప్రైవేటు ట్యూషన్లు చెప్పొద్దంటుంది. కొందరు నేల చూపులు చూస్తున్నారు. నేనెవరి వైపూ చూడలేదు లెండి.

2019లో ఆ చట్టాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పినవాడికి అదనపు బోధన చేసి, ఫలితం వచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఆపాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం, అది వేరే చర్చ. నా ప్రశ్న వేరు. ఎనిమిదేళ్లలో రానిది రెండు నెలల్లో వస్తుందా? వస్తుందనే నేనంటాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే చాలావరకు వస్తుంది. తెలియకపోతే ఆ రెండు నెలలూ కూడా పోతాయి.

మాటలెందుకు, ఒక లెక్క చూద్దాం. సార్, ఆ బోర్డు కాస్త ఇటు తిప్పండి. 402 లోంచి 178 తీసేయాలి. జవాబు 224. నాలుగో తరగతి లెక్క. ఏడో తరగతిలో ఉన్న ఒక పిల్లవాడికి ఇచ్చాను. ఏం రాశాడో చెప్పనా? 376.

ఇది చూసి మనం ఏం చేస్తాం? ఎర్ర పెన్నుతో ఇంటూ కొడతాం. పక్కన సున్నా వేస్తాం. "తీసివేతలు కూడా రావురా నీకు?" అంటాం. సరే, కాసేపు ఆగి చూడండి. 376 ఎక్కడి నుంచి వచ్చింది? వాడు గాల్లోంచి తేలేదు కదా. వందల్లో నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. పదుల్లో సున్నా, ఏడు ఉన్నాయి, వాడు ఏడు రాశాడు. ఒకట్లలో రెండు, ఎనిమిది ఉన్నాయి, ఆరు రాశాడు. మూడు, ఏడు, ఆరు. ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. కిందిదా, మీదిదా అని చూడలేదు. ఎందుకు ఇట్లా చేశావురా అనడిగితే ఏమన్నాడో తెలుసా? "పెద్ద దాంట్ల నుంచి చిన్నది తీసెయ్యాలె అని చెప్పిన్రు గద సార్" అన్నాడు.

చెప్పాం కదా మరి! రెండో తరగతిలో మనవాళ్లే చెప్పారు. ఎనిమిదిలోంచి ఐదు తీసేటప్పుడు చెప్పిన మాట అది. ఆ పిల్లవాడు శ్రద్ధగా విన్నాడు, శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నాడు, ఐదేళ్లుగా శ్రద్ధగా పాటిస్తున్నాడు. వాడికి ఏమీ రాదని మనం అంటున్నాం. వాడికి ఒక సూత్రం వచ్చు. అది తప్పు సూత్రమని ఎవరూ వాడి పక్కన కూర్చుని చూడలేదు. అంతే తేడా.

అసలు కథ ఇప్పుడు వినండి. ఆ పిల్లవాడి నాన్నకు ఊళ్లో కిరాణం దుకాణం ఉంది. సాయంత్రం వీడే కూర్చుంటాడు. నేను పుస్తకం మూసేసి అడిగాను. ఒరే, ఒకాయన 178 రూపాయల సామాను కొన్నాడు, నీ చేతికి 402 రూపాయలిచ్చాడు, తిరిగి ఎంతిస్తావు? వాడు పెన్ను కూడా ముట్టలేదు. "178కి రెండు కలిపితే 180. ఇంకో ఇరవై కలిపితే 200. మీద రెండొందల రెండు. రెండొందల ఇరవై నాలుగు సార్." వేళ్ల మీద కూడా లెక్కపెట్టలేదు. అదే పిల్లవాడు, అదే లెక్క. దుకాణంలో 224, బళ్లో 376.

ఇప్పుడు చెప్పండి, వీడు స్లో లర్నరా?

తర్వాత చేసిందీ పెద్ద పనేం కాదు. అట్టముక్కలతో వంద నోట్లు, పది నోట్లు, రూపాయి బిళ్లలు చేసుకున్నాం. వంద నోట్లు నాలుగు, రూపాయి బిళ్లలు రెండు వాడి ముందు పెట్టాను. ఎనిమిది రూపాయలియ్యి అన్నాను. రెండే ఉన్నాయి సార్ అన్నాడు. మరి చిల్లర తెచ్చుకో. పది నోటు లేదు. అప్పుడు వంద నోటును పది పదులుగా మార్చాడు, ఒక పదిని పది బిళ్లలుగా మార్చాడు. ఇప్పుడు వాడి ముందు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు ఉన్నాయి. అవే నోటుబుక్కులో రాయమన్నాను. మనం క్లాసులో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అంటాం. పక్కింట్లో సున్నా ఉంటే ఏం చేయాలో చెప్పేసరికి బెల్లు కొడుతుంది. పిల్లల లెక్క తేడా వచ్చే చోట్లలో ఈ సున్నా ఒకటి. నమ్మకపోతే రేపు మీ ఏడో తరగతిలో ఇదే లెక్క ఇచ్చి చూడండి.

ఇలాంటి పిల్లవాడిని స్పెషల్ క్లాసులో కూర్చోబెట్టి రుణ సంఖ్యల తీసివేత చెబుతున్నాం. మైనస్ ఐదులోంచి మైనస్ మూడు. నెత్తికెక్కుతుందా?

తెలుగు సార్లు నవ్వుతున్నారు, మాకు ఈ బాధ లేదని. ఉంది సార్. ఒత్తులు రాని పిల్లవాడు ఎనిమిదో తరగతిలో పద్యం బట్టీపట్టి అప్పజెప్పేస్తాడు, మనం వచ్చేసిందనుకుంటాం. అదే పద్యంలోంచి ఒక్క పదం వేలు పెట్టి చూపిస్తే చదవలేడు. నా క్లాసులో మాటల్లో ఇచ్చే లెక్కల దగ్గరా వాడిది ఇదే బాధ. లెక్క వచ్చు, వాక్యం చదవడం రాదు. ఇప్పుడు పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. పాపం వాడికి రెండు పక్కలూ ఒకటే.

ఇది మన ఒక్క జిల్లా సంగతి కాదు. దేశమంతటా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే 2005 నుంచి జరుగుతోంది. 2024 నివేదికలో సర్కారు బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతం. కరోనా తర్వాత 2022లో అది 38.5. కాస్త పైకి వచ్చాం, సంతోషమే. అయినా సగం దాటలేదు. ఆ మిగతా సగం మంది తర్వాతి ఏడాది ఎక్కడికి వస్తారు? మన హైస్కూలుకే వస్తారు. ఆరో తరగతి పుస్తకం చేతికిస్తాం.

పుస్తకం వీడి కోసం ఆగదు, అదీ అసలు ఇబ్బంది. ఢిల్లీలో బడి అయిపోయాక నడిచే కేంద్రాల్లో కంప్యూటర్ మీద పిల్లల స్థాయికి తగ్గట్టు లెక్కలు, హిందీ నేర్పి, ఏం జరిగిందో కార్తీక్ మురళీధరన్ తదితర ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ పరిశోధన 2019లో వచ్చింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఎంతైంది? నాలుగున్నర తరగతులు. మూడేళ్లు బడికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, ఇంకో రెండు తరగతులు వెనక్కి పోయారు. క్లాసులో అడుగునున్న మూడో వంతు పిల్లలు ఆ మామూలు బడిలో దాదాపు ఏమీ ముందుకు జరగలేదు. కేంద్రానికి వచ్చినవాళ్లకు రోజుకు గంటన్నర. సగం కంప్యూటర్ మీద, సగం చిన్న గుంపులో. నాలుగున్నర నెలల్లోనే బాగా తేడా కనిపించింది. కంప్యూటర్ మహిమ అని నేననను. ఆ కంప్యూటర్ పిల్లవాడు ఏ తరగతి వాడని అడగలేదు, వాడికి ఏం వచ్చో చూసి అక్కడ మొదలుపెట్టింది. ఆ పని మనిషీ చేయగలడు.

చేశారు కూడా. ప్రథమ్ అనే సంస్థ 1995లో ముంబైలో మొదలైంది. వాళ్లు ముంబై, వడోదర బడుల్లో ఊళ్లోని చదువుకున్న అమ్మాయిల్ని బాల్‌సఖిలుగా, అంటే పిల్లల నేస్తాలుగా, పెట్టారు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని పదిహేను, ఇరవై మందిని రోజూ రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి అక్షరాలు, అంకెలు నేర్పేవాళ్లు. సాయంత్రం కాదు సుమా, బడి టైములోనే. దీన్ని పరిశీలించినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చినవాళ్లు. అడుగునున్న పిల్లలకే ఎక్కువ లాభం జరిగిందని తేలింది.

ఇది విని మీలో ఎవరో అనుకుంటూ ఉంటారు, అంటే టీచర్లకు చేతకాదు, ఇంటర్ చదివిన అమ్మాయికి చేతనవుతుందా అని. ఆ రోషం నాకూ ఉంది. అందుకే బిహార్ సంగతి చెబుతాను. అక్కడ 2008 ఎండాకాలంలో సర్కారు టీచర్లే ఒక నెల శిబిరం నడిపారు, వెనకబడ్డ పిల్లలకు మాత్రమే. పిల్లలకు చదవడం వచ్చింది. అదే రాష్ట్రంలో అదే పద్ధతి మీద టీచర్లకు శిక్షణ ఇచ్చి, పుస్తకాలు ఇచ్చి, మామూలు బడి రోజుల్లో చేయమన్నారు. ఏమీ జరగలేదు. అక్కడా సర్కారు టీచర్లే, ఇక్కడా సర్కారు టీచర్లే. ఎండాకాలంలో సిలబస్ లేదు, బడి తెరిస్తే సిలబస్ ఉంది. సిలబస్ టీచర్ని మింగేసింది. చేతకాకపోవడం కాదది. తర్వాత హర్యానాలో ఇంకో దారి పట్టారు. బడి వేళల్లోనే రోజూ ఒక గంట పక్కన పెట్టి, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని తరగతితో పని లేకుండా స్థాయినిబట్టి కూర్చోబెట్టి హిందీ చెప్పారు. ఆ గంటలో సిలబస్ ఎంతైందని ఎవరూ అడగలేదు. హిందీ మెరుగైంది.

మన దగ్గరా చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు అనే కార్యక్రమం వచ్చింది, 2022లో, ఒకటి నుంచి ఐదు తరగతులకు. తర్వాత పై తరగతులకు ఉన్నతి. ఉద్దేశం మంచిదే, నేను తప్పుపట్టను. కానీ ఒక చేత్తో తొలిమెట్టు, ఇంకో చేత్తో ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్షల మార్కుల ఎంట్రీ, ఇంకో చేత్తో సిలబస్ పూర్తయిందా అనే తనిఖీ. మనిషికి రెండు చేతులే కదా!

సాయంత్రం ఎవరు ఉంటారు?

ఇంకో సంగతి. అదనపు క్లాసు అనగానే మనకు సాయంత్రమే గుర్తొస్తుంది. నాలుగుంపావు తర్వాత. గంటలు పెంచితే చదువు పెరుగుతుందనే నమ్మకం కార్పొరేట్ హాస్టళ్ల నుంచి వచ్చింది. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి వరకు స్టడీ అవర్. మన పిల్లల తల్లిదండ్రులకూ అదే గొప్పగా కనిపిస్తోంది. సరే, మన బళ్లో సాయంత్రం ఉండేదెవరు? బడి పక్కనే ఇల్లున్న పిల్లలు. ఇంట్లో చదువుకో అనేవాళ్లున్న పిల్లలు. అంటే కాస్తో కూస్తో వచ్చినవాళ్లే. పక్క తండా నుంచి వచ్చే పిల్లకు ఆఖరి బస్సు నాలుగున్నరకు. ఆ బస్సు పోతే చీకట్లో నడవాలి, వాళ్లమ్మ ఎలా ఒప్పుకుంటుంది? ఇంకొకడు మేకల్ని తోలుకు రావాలి. ఇంకో అమ్మాయి తమ్ముడిని అంగన్‌వాడీ నుంచి తెచ్చుకోవాలి. ఎవరికి ఆ గంట కావాలో వాళ్లే లేరు.

ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లాలో ఇదే జరిగింది. ఊళ్లలో వాలంటీర్లు బడి బయట చదివించే క్లాసులు పెట్టారు. వచ్చిన పిల్లలకు అద్భుతంగా చదువొచ్చింది. కానీ ఊళ్లలోని పిల్లల్లో వచ్చినవాళ్లు నూటికి 8 మంది. క్లాసు బాగుంది, పిల్లలే లేరు.

అలాగని సాయంత్రం పనికిరాదని కాదు. తమిళనాడులో 2021 అక్టోబరులో ఇల్లం తేడి కల్వి అని మొదలుపెట్టారు. చదువే ఇంటికి వెతుక్కుంటూ రావాలని. కరోనాలో పోయిన చదువును తిరిగి తేవడానికి ఊళ్లలోనే దాదాపు రెండు లక్షల మంది వాలంటీర్లు, ఎక్కువ మంది ఆడవాళ్లు, సాయంత్రం గంట, గంటన్నర చెప్పారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని, అందులో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రం క్లాసుల పుణ్యమేనని అక్కడి పరిశోధనలో తేలింది. అక్కడ పిల్ల బడిలో ఆగిపోనక్కర్లేదు. క్లాసే పిల్ల వాడకట్టుకు వచ్చింది. బస్సు గొడవ లేదు, చీకటి భయం లేదు, తమ్ముడిని చంకన వేసుకుని వచ్చినా ఎవరూ ఏమీ అనరు.

తమిళనాడు దాకా ఎందుకు, మన రంగారెడ్డి జిల్లానే చూడండి. శాంతా సిన్హా గారు, అప్పట్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్, ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ తరఫున పనిలో ఉన్న పిల్లల్ని మాన్పించి బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో పెట్టారు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేదు. శిబిరంలో చదువు నేర్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఆవిడకు. తర్వాత విద్యాహక్కు చట్టం సెక్షన్ 4లో కూడా అదే వచ్చింది. వయసుకు తగ్గ తరగతి, దాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ. అసలు బడి మొహమే చూడని పిల్లలు కొన్ని నెలల్లో అందుకోగలిగినప్పుడు, ఏడేళ్లు బడికి వచ్చిన పిల్లవాడు అందుకోలేడని మనం ఎలా అంటాం?

కాబట్టి సాయంత్రం గంట కన్నా నాకు ఇష్టమైనది మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్. అందరూ బళ్లో ఉంటారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఒకేసారి ఆ పీరియడ్ పెడితే పిల్లల్ని స్థాయినిబట్టి కలపొచ్చు. ఒక సారు దగ్గర తీసివేతలు, ఒక మేడమ్ దగ్గర భాగహారం, ఇంకొకరి దగ్గర భిన్నాలు. ముందున్న పిల్లలకు లైబ్రరీ. టైంటేబుల్ వేసేవాళ్లకు తలనొప్పే, ఒప్పుకుంటాను.

గుంపులు అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఆ గుంపుకు పేరు పెట్టకండి. సి గ్రేడ్, డల్ బ్యాచ్, స్లో లర్నర్స్, ఇవన్నీ పిల్లల చెవిన పడతాయి. రిజిస్టర్‌లో రాసుకున్నా సరే, నోటితో పిలవకండి. నెలకోసారి మళ్లీ చూసి గుంపు మార్చండి. తీసివేత వచ్చినవాడు ఆ రోజే భాగహారం గుంపులోకి పోవాలి. జూన్‌లో పడిన గుంపులోనే మార్చి దాకా ఉన్నాడంటే మనం ఇంకో సెక్షన్ చేసినట్టు, అంతే.

పదో తరగతి సంగతి అడుగుతారని తెలుసు. మార్చి దగ్గరపడ్డాక 35 మార్కుల మెటీరియల్ ఇస్తాం. గ్రాఫు, నిర్మాణం, వచ్చే ప్రశ్నలు. ఇది చదువేనా అని కొందరు మేధావులు వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. పది తప్పిన ఆడపిల్లకు పెళ్లి సంబంధం చూసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ 35 మార్కులు ఆ పిల్లకు ఇంటర్మీడియట్ తలుపు. ఇవ్వాల్సిందే. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి కూర్చోబెట్టి రాయించాల్సిందే. కానీ పదిలో పెట్టే ఆ శ్రమలో సగం ఆరో తరగతిలో పెడితే, పదిలో ఈ టెన్షన్ సగం ఉండదు. ఉత్తర్వులు పదికే వస్తాయి, ఎందుకంటే ఫలితాలు పదికే పేపర్లో పడతాయి. ఆరో తరగతికి ర్యాంకులు వేసే పేపరేదీ లేదు.

ఇదంతా మనమొక్కరమే చేయాలా అంటే, చేయలేం. ఇద్దరు టీచర్లున్న ప్రైమరీ బళ్లో ఐదు తరగతులు నడుస్తున్నాయి. ఒకరు సెలవు పెడితే మిగిలేది ఒక్కరే. ఖాళీలు నింపకుండా, వాలంటీర్లనూ ఇవ్వకుండా, మళ్లీ ఒక కొత్త కార్యక్రమం పేరుతో ఇంకో ఫార్మాట్ మాత్రం పంపితే ఆ ఫార్మాటే నిండుతుంది. ఇది మండల విద్యాధికారి ఎంఈఓ గారు వినాలనే కాస్త గట్టిగా చెబుతున్నా. మనం అడగాల్సింది రెండే. ఆ ఒక్క పీరియడ్‌లో సిలబస్ లెక్క అడగొద్దని రాతపూర్వకంగా ఇవ్వండి. చుట్టుపక్కల బడులన్నీ కలిసిన ప్రతి కాంప్లెక్స్‌కూ ఊళ్లోని చదువుకున్న అమ్మాయిల్ని ఇద్దరు ముగ్గురిని గౌరవ వేతనం మీద ఇవ్వండి.

చివరగా, పక్క బల్ల మీద ఒక పేపరు జిరాక్స్ కాపీలు పెట్టించాను. ఒక్క పేజీ. మూడంకెల సంఖ్యలు చదవడం, కూడిక, అప్పు లేని తీసివేత, అప్పు ఉన్నది, మధ్యలో సున్నా ఉన్నది, ఎక్కాలు, ఒక భాగహారం. వెనక వైపు తెలుగులో నాలుగు వాక్యాల కథ. దీన్ని క్లాసంతటికీ పరీక్షలా పెట్టొద్దు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా చేశావో చెప్పమనండి. మార్కులు వేయొద్దు, వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాసుకోండి. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కు ఆ కాగితాలు తెచ్చుకోండి, కూర్చుని చూద్దాం. ఇప్పుడు ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి. వెనక నుంచి మొదలుపెడదాం.